కాందిశీకుల గుడిసెకు వెలుగు, కాళ్లకు చెప్పులు



రోగి మంచం పక్కన కూర్చుని ఉన్న మీకు కాందిశీకులను గూర్చిన పాఠం ఎందుకు అనిపించవచ్చు. మీ కష్టం మీకుంది. అయినా వార్డుల్లో ఉండే కుటుంబాలే తరచుగా ఒక మాట అడుగుతుంటాయి: "ఇంట్లో వాడని చెప్పులు, బట్టలు ఉన్నాయి, ఎవరికైనా ఇప్పించగలరా?" అని. కష్టంలో ఉన్నవారికే ఇంకొకరి కష్టం త్వరగా కనబడుతుంది గనుక ఈ పాఠం మీకే రాస్తున్నాం.

కాందిశీకుడు అనే మాటకు "ఏ దిక్కుకు పోదును" అని అనుకునేవాడు అని మూలార్థం. శరణార్థి అనే మాటలో ఆశ్రయం కోరడం ఉంది. కాందిశీకుడు అనే మాటలో దారి కూడా తోచకపోవడం ఉంది. ఇల్లు, పొలం, కాగితాలు వదిలి రాత్రికి రాత్రి బయలుదేరిన కుటుంబం చేతిలో ఏముంటుంది? బియ్యం మూట, రెండు గిన్నెలు, చంకలో పిల్ల. దీపం ఉండదు. చెప్పులు చాలాసార్లు దారిలోనే తెగిపోతాయి.

అటువంటి కుటుంబానికి సోలార్ దీపాన్ని, చెప్పుల జతను మేము మందుల చీటీలో రాయదగిన వస్తువులుగానే చూస్తాం. పాము కాటు, కాలిన గాయాలు, రక్తహీనత, ధనుర్వాతం, మానని పుండ్లు – వీటిలో చాలావాటిని ఆసుపత్రికి రాకముందే ఆపగలిగినవి ఈ రెండు. అయితే మందుకు మోతాదు ఉన్నట్టే వీటికీ సరైన రకం, సరైన కొలత ఉన్నాయి. కొలత తప్పిన చెప్పు పుండు చేస్తుంది. నాసిరకం దీపం రెండు నెలలకు చెత్త అవుతుంది.

మనకు దగ్గరలో ఉన్న కాందిశీకులు ఎవరు?

పటేల్‌గూడ చుట్టుపక్కల, అనగా అమీన్‌పూర్, బీరంగూడ, పటాన్‌చెరు, పాశమైలారం వైపు, ఒడిశా, బీహారు, జార్ఖండ్ నుండి వచ్చి పనిచేసుకునేవారు చాలామంది ఉన్నారు. వీరు వలస కూలీలు. పని కోసం వచ్చినవారు, తిరిగి పోవడానికి ఊరు ఉన్నవారు. కాబట్టి వీరిని కాందిశీకులు అనకూడదు. అయినా ఊరికి దూరమైనవాడి కాళ్లు ఎలా ఉంటాయో మనం వీరి ద్వారానే చూశాం. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన హైవేల మీద, పగిలిన మడమలతో, తెగిన హవాయి చెప్పులకు తాడు కట్టుకుని నడిచినవారిని మీలో కొందరు చూసే ఉంటారు. కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు ఏప్రిల్ 29న తమను ఇంటికి పంపమని ఆందోళన చేశారు. మే 1న తెల్లవారుజామున సుమారు 1,200 మందితో లింగంపల్లి స్టేషన్ నుండి జార్ఖండ్‌లోని హటియాకు రైలు కదిలింది. దేశంలో అదే మొదటి శ్రామిక్ రైలు. ఆ రోజుల్లో రోడ్డు పక్కన నీళ్లు, అన్నంతోబాటు చెప్పులు పెట్టుకుని నిలబడినవారు కూడా ఉన్నారు. ఆకలిని అందరూ ఊహించగలరు. కాళ్లను గమనించినవారు నిజంగా దగ్గరగా చూసినవారే.

ఇక కాందిశీకులని నిజంగా పిలవదగినవారు. సుల్తాన్‌పూర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే గంట, గంటన్నరలో బాలాపూర్ చేరవచ్చు. అక్కడ, పాతబస్తీ అంచు బస్తీలలో, మయన్మార్‌లోని అరకాన్ ప్రాంతం నుండి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉంటున్నాయి. ఆ దేశం 1982లో చేసిన పౌరసత్వ చట్టం వలన వారు ఏ దేశానికీ చెందనివారయ్యారు. 2012లో జరిగిన హింస తరువాత కొందరు ఇక్కడికి చేరారు. 2017 ఆగస్టు తరువాత 7 లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మన దేశం 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డే చాలామందికి ఉన్న ఆధారం. కూలి పని, చెత్త ఏరడం వారి బ్రతుకుతెరువు. చెత్త ఏరేవారి కాలికి ఏమేమి గుచ్చుకుంటాయో వేరుగా చెప్పనవసరం లేదు.

రెండవవారు ఇక్కడికి చాలా దూరంలో, గోదావరి అడవుల్లో ఉన్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన తరువాత, సాయుధ పోరు మధ్య చిక్కుకున్న ఆదివాసీలు వేల సంఖ్యలో అడవి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చారు. ఇక్కడివారు వారిని గుత్తికోయలు అంటారు. సుప్రీంకోర్టు 2011 జూలై 5న ఇచ్చిన తీర్పులో సల్వాజుడుం తరహా సాయుధ దళాలను తప్పుపట్టింది. అయినా వచ్చినవారిలో చాలామంది తిరిగి వెళ్లలేదు. ఈ రోజు వారి గూడేలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు వంటి జిల్లాలలోను, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు వైపు కూడా ఉన్నాయి. దేశం సరిహద్దు దాటలేదు గనుక చట్టం దృష్టిలో వీరు శరణార్థులు కారు. కానీ బ్రతుకు అదే. చాలా గూడేలు రిజర్వు అడవిలో ఉన్నందున పట్టా లేదు, పట్టా లేనందున కరెంటు స్తంభం రాదు. మెడిసిన్స్ సాన్స్ ఫ్రాంటియర్స్ సంస్థ వైద్యులు 2006 నుండి ఆ సరిహద్దు ప్రాంతంలో తిరుగుడు క్లినిక్కులు నడిపారంటే, అక్కడికి మామూలు వైద్యం ఎంత దూరమో అర్థం చేసుకోండి.

"వాళ్లు బయటివాళ్లు కదా" అనే మాట కూడా మేము వింటుంటాం. దానికి ఒక్క జవాబు చెప్పి ముందుకు పోదాం. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు రంగూన్ రేవులో, మిల్లుల్లో పనిచేసే తెలుగువారు వేలాదిగా కాలినడకన ఇండియాకు బయలుదేరారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవారే అందులో ఎక్కువ. మొత్తం లక్షలమంది భారతీయులు నడిచారు. కొందరు మణిపూర్ కొండల మీదుగా, కొందరు ఇదే అరకాన్ మీదుగా వచ్చారు. మలేరియా, కలరా, విరేచనాలతో వేలమంది దారిలోనే చనిపోయారు. 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు ఇంకొక విడత ఓడలెక్కి వచ్చింది. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఆనాటి కాందిశీకులు మన తాతముత్తాతలే.

చీకటి వలన వచ్చే జబ్బులు

మొదట పాము కాటు. 2020లో ప్రచురింపబడిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాము కాటు వలన సుమారు 12 లక్షలమంది చనిపోయారు. అనగా ఏడాదికి సగటున 58 వేలమంది. సగం మరణాలు జూన్ నుండి సెప్టెంబరు మధ్యలోనే. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన ఆంధ్ర ప్రాంతం కూడా ఉంది. కాట్లు ఎక్కువగా పడేది కాలి మీదనే. రాత్రి బహిర్భూమికి వెళ్లేటప్పుడు, తెల్లవారుజామున చేనుకు నడిచేటప్పుడు, కట్టెల మోపులో చేయి పెట్టినప్పుడు పాము కాటు వేస్తుంది. దారి మీద వెలుగు పడితే మనిషి పామును తొక్కడు. కాలికి చెప్పు ఉంటే ముళ్లు, తేలు నుండి రక్షణ దొరుకుతుంది, పాము కోర కూడా కొంతమేర ఆగుతుంది.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కట్లపాము విషయంలో చెప్పులు ఏమీ చేయలేవు. అది రాత్రిపూట గుడిసెలోకి వచ్చి నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారేసరికి కడుపు నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, తరువాత శ్వాస ఆడకపోవడం. ఇంటివారు గాలి సోకిందనుకుని భూతవైద్యుని దగ్గరకు పోతారు, సమయం పోతుంది. దీనికి రక్షణ మంచం, లేదా చాప కిందికి అంచులు దోపిన దోమతెర. కాబట్టి దీపంతో బాటు దోమతెర ఇవ్వగలిగితే మలేరియాకు, కట్లపాముకు ఒకే వస్తువు పనికివస్తుంది. దీపం వలన దోమలు పోవు.

పాము కరిచినప్పుడు చేయవలసినది మీరూ గుర్తుంచుకోండి. మనిషిని కదలకుండా పడుకోబెట్టండి. కడియాలు, మట్టెలు, ఉంగరాలు తీసివేయండి, వాపు వస్తే అవి బిగుసుకుంటాయి. కరిచిన కాలికి కట్టెబద్ద కట్టి కదలకుండా ఉంచండి. గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం చేయకూడదు. 108కి ఫోను చేసి, పాము విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకుపోండి. పామును చంపి తేవడానికి ప్రయత్నిస్తే రెండవ మనిషి కూడా కాటు తినే ప్రమాదం ఉంది.

తరువాత నిప్పు. వెదురు తడిక, తాటాకు, టార్పాలిన్‌తో కట్టిన గుడిసెలో కిరోసిన్ బుడ్డి ఒరిగితే బకెట్ నీళ్లు తెచ్చేలోపు అంతా అయిపోతుంది. కారణం ఏదైనా, అటువంటి ఇళ్లలో మంట ఎంత వేగంగా పాకుతుందో బంగ్లాదేశ్ చూసింది. 2021 మార్చి 22న కాక్స్‌బజార్‌లోని రోహింగ్యా శిబిరంలో చెలరేగిన మంటలో కనీసం 15 మంది చనిపోయారు, సుమారు 45 వేలమంది నిలువ నీడ లేనివారయ్యారు. బుడ్డి దీపం పొగ కూడా తక్కువది కాదు. పసిపిల్లల ఊపిరితిత్తులకు ఆ మసి మంచిది కాదని, దగ్గు, న్యుమోనియాలు ఎక్కువవుతాయని మీకు తెలిసినదే.

మూడవది స్త్రీల సంగతి. చీకటికి భయపడి సాయంత్రం నుండి నీళ్లు త్రాగడం మానేసేవారు, మూత్రానికి పోకుండా బిగబట్టుకునేవారు ఉన్నారు. మూత్రనాళానికి ఇన్ఫెక్షను రావడానికి ఇది ఒక కారణం. శిబిరాలలో దీపాలు పంచినప్పుడు మొదటి మార్పు మరుగుదొడ్డి దారిలోనే కనబడేది ఇందుకే. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ కోసం ఐకియా ఫౌండేషన్ 2014, 2015 సంవత్సరాలలో దీపాల ప్రచారం నడిపి 3 కోట్ల యూరోలకు పైగా సేకరించింది. బంగ్లాదేశ్, ఇథియోపియా, చాద్, జోర్డాన్ శిబిరాలకు ఆ డబ్బుతో సోలార్ వెలుగు వెళ్లింది. అంత పెద్ద పని మన వల్ల కాదు. పది కుటుంబాల పని అవుతుంది.

చెప్పు లేని కాలికి వచ్చే జబ్బులు

కొంకి పురుగు పిల్లలు కంటికి కనబడవు. మలం కలిసిన తడి మట్టిలో ఉండి, వట్టి కాలు పెట్టినప్పుడు వేళ్ల సందుల్లో చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, అక్కడినుండి గొంతు గుండా పేగులకు చేరి, పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి. పిల్ల పాలిపోతుంది, చదువుమీద ధ్యాస ఉండదు, కొందరు మట్టి తింటారు. గర్భవతికి కొంకి పురుగులుంటే కాన్పులో పోయే కొద్ది రక్తం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. చెప్పులు ఈ దారిని మూస్తాయి. కానీ పూర్తిగా మూయాలంటే మరుగుదొడ్డి కూడా కావాలి, ఏడాదికి రెండుసార్లు ఆల్బెండజోల్ మాత్ర కావాలి. ప్రభుత్వం ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల ప్రాంతంలో అంగన్‌వాడీల్లో, బడుల్లో 1 నుండి 19 ఏళ్లవారికి ఈ మాత్ర ఇస్తుంది. బడికి పోని కాందిశీక పిల్ల ఆ లెక్కలో తప్పిపోతుంది. చెప్పులు పంచడానికి వెళ్లేవారు ఆ ప్రాంతపు ఆశా కార్యకర్తతో కలిసి వెళితే ఆ పిల్ల లెక్కలోకి వస్తుంది. మాత్రలు మాత్రం మీరంతట మీరు కొని పంచవద్దు.

ధనుర్వాతం గురించి క్లుప్తంగా. మేకు, ముల్లు, రేకు గుచ్చుకుంటే గాయాన్ని సబ్బు నీళ్లతో కడిగి ఆసుపత్రికి రండి. పూర్వం టీటీ అని వేసేవారు, ఇప్పుడు దాని స్థానంలో టీడీ ఇంజెక్షను వేస్తున్నారు.

కుష్ఠు, షుగరు వ్యాధుల వలన కాలికి స్పర్శ పోయినవారి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. కుష్ఠు వచ్చినవారి వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని పూర్వం అందరూ నమ్మేవారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివరినుండి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ నమ్మకాన్ని మార్చినవారిలో ముఖ్యుడు. నొప్పి తెలియకపోవడం వలననే గాయమైన కాలితో నడిచి, నడిచి, పుండు పెద్దదవుతుందని ఆయన చూపించారు. కాబట్టి వారికి మందుతో బాటు మెత్తని అడుగు ఉన్న ఎం.సి.ఆర్. చెప్పులు అవసరమయ్యాయి. షుగరు రోగి కాలికీ ఇదే సూత్రం. మీ రోగికి షుగరు ఉంటే ఈ రోజే అరికాళ్లు, వేళ్ల సందులు వెలుతురులో చూడండి. ఆసుపత్రి వరండాలో, స్నానాల గదికి పోయే దారిలో మీరు కూడా వట్టి కాళ్లతో తిరగవద్దు.

ఎటువంటి దీపం?

సోలార్ దీపంలో మూడే భాగాలు ఉంటాయి: ఎండను కరెంటుగా మార్చే పలక, దాన్ని నిలువ చేసే బ్యాటరీ, వెలిగే ఎల్‌ఈడీ. చెడిపోయేది దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. అందుచేత బ్యాటరీ మార్చడానికి వీలులేకుండా అతికించిన దీపం ఎంత చవకైనా కొనవద్దు. పలక దీపం నెత్తినే అతికి ఉన్న రకం కంటే, పొడుగు వైరుతో విడిగా ఉన్న రకం మేలు. పలక కప్పు మీద ఉంటుంది, దీపం లోపల ఉంటుంది, వాన వచ్చినా పోదు, దొంగలు ఎత్తుకుపోరు. ఫోను చార్జింగుకు రంధ్రం ఉంటే 108కి ఫోను చేయడానికి ఉపయోగమే. అయితే పగలంతా ఫోనులు పెడితే రాత్రి దీపం వెలగదని ముందే చెప్పాలి.

పలకను దక్షిణం వైపు కొద్దిగా వంచి పెట్టాలి. మన ప్రాంతానికి 17, 18 డిగ్రీల వంపు చాలు, అనగా వాన నీరు జారేంత. చెట్టు నీడ పడకూడదు. వారానికొకసారి తడిగుడ్డతో దుమ్ము తుడవాలి. వానాకాలంలో వరుసగా ముసురు పట్టినప్పుడు దీపం సగమే వెలుగుతుంది, అప్పుడు తక్కువ వెలుగు మీటను వాడుకోవాలి. గుత్తికోయల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది కోయ భాష గనుక తెలుగులో అచ్చువేసిన కాగితం ఇచ్చి రావడం వలన లాభం లేదు. ఒకసారి విప్పి, బిగించి, వారి చేత చేయించి చూపాలి.

స్తంభానికి బిగించే వీధి దీపమా, చేతిలో పట్టుకునే దీపమా అని దాతలు అడుగుతుంటారు. అడవి గూడేలకు చేతి దీపమే సరియైనదని మా అభిప్రాయం. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచ గూడెంలో అటవీ అధికారులు గుడిసెలు పడగొట్టారు, తరువాత హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. అడవికి హక్కు ఎవరిది అనే తగాదా ఈ పాఠంలో తీరేది కాదు. కానీ ఎప్పుడు లేవమంటారో తెలియని కుటుంబానికి, లేచినప్పుడు చంకన పెట్టుకుపోగల దీపం కావాలి. వీలైతే ఇంటికి రెండు ఇవ్వండి. ఒకటే ఇస్తే అది మగవారి వెంట అడవికో చేనుకో పోతుంది, ఆడవారు, పిల్లలు మళ్లీ చీకట్లోనే ఉంటారు. అందుకే దీపాన్ని ఇంటి ఆడమనిషి చేతికే ఇవ్వాలి.

బాగుచేసేవారు దగ్గరలో లేకపోతే దీపం ఎక్కువ కాలం ఉండదు. ఐఐటీ బొంబాయివారు 2014లో మొదలుపెట్టిన పది లక్షల సోలార్ దీపాల పథకంలో పల్లెటూరివారికే దీపం బిగించడం, బాగుచేయడం నేర్పారు. మనం పంచేది ఇరవై దీపాలైనా ఆ గూడెంలో ఒక కుర్రవానికి స్క్రూడ్రైవరు, నాలుగు అదనపు బ్యాటరీలు ఇచ్చి నేర్పి రావాలి. పాత బ్యాటరీలను మంటలో వేయకుండా, వాగులో పారవేయకుండా తిరిగి తెప్పించుకోవాలి. నక్కవాగు నీళ్లు ఏమయ్యాయో చూసిన పటాన్‌చెరువారికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు.

ఎటువంటి చెప్పులు?

వాడిన చెప్పులు ఇవ్వవద్దు. వాడిన చెప్పు అడుగు మొదటి మనిషి కాలి ఆకారంలో అరిగి ఉంటుంది, రెండవ మనిషి కాలిని అది ఒరుసుకుంటుంది. బట్టలు ఉతికి ఇవ్వవచ్చు, చెప్పుల సంగతి అటువంటిది కాదు.

పని ఏమిటో తెలుసుకుని కొనాలి. గుత్తికోయలు చాలామంది మిరప తోటల్లో కాయలు ఏరే కూలికి పోతారు, అడవిలో నడుస్తారు. వారికి గట్టి అడుగు, మడమ వెనుక పట్టీ ఉన్న శాండల్ మంచిది. తడిస్తే త్వరగా ఆరుతుంది, వాగు దాటేటప్పుడు కొట్టుకుపోదు. మూసి ఉన్న గుడ్డ బూట్లు ఫొటోలో అందంగా కనబడతాయి గాని, వానాకాలంలో నాలుగు రోజులు తడిగా ఉండి వేళ్ల సందుల్లో పాచి పుండ్లు తెస్తాయి. చెత్త ఏరేవారికి మాత్రం దీనికి విరుద్ధంగా వేళ్లు మూసిన, దళసరి అడుగు ఉన్న బూట్లు కావాలి. హవాయి చెప్పు గుండా సూది, గాజుపెంకు నేరుగా దిగుతుంది. బూట్లు ఇచ్చినప్పుడు వేసుకునే ముందు ప్రతిసారీ బోర్లించి దులపమని చెప్పండి, తేలు దూరడానికి అది ఇష్టమైన చోటు.

కొత్త చెప్పులను దాచిపెట్టుకునేవారు కూడా ఉంటారు. పండుగకో, పెండ్లికో వేసుకుందామని చూరులో పెడతారు. ఇది నవ్వవలసిన విషయం కాదు, జీవితంలో మొదటిసారి దొరికిన కొత్త వస్తువును మనమూ అలాగే దాచుకుంటాం. ఒక జత పనికి, ఒక జత ఇంటికి అని రెండు ఇస్తే మొదటి జత కాలికెక్కుతుంది.

ఇచ్చేటప్పుడు

మొదట అడగండి. ఒక గూడెంలో దీపాల కంటే దోమతెరలు అవసరం కావచ్చు, ఒక బస్తీలో కరెంటు ఉండి చెప్పులే కావలసి రావచ్చు. రోహింగ్యా కుటుంబాలకు నేరుగా కాక, శరణార్థుల సంస్థతో కలిసి పనిచేస్తున్నవారి ద్వారా ఇవ్వడం మంచిది. వారి కాగితాల సంగతి, ఏ బస్తీలో ఎవరికి ఏమి అందింది అన్న సంగతి వారికి తెలుసు. అడవి గూడేలకు వెళ్లేటప్పుడు స్థానిక ఆరోగ్య సిబ్బందికి, అధికారులకు తెలియజేసి వెళ్లండి.

ఫొటోలు తీయవద్దు. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవారి ముఖం, ఊరి పేరు ఫోనుల్లో తిరగడం వారికి హాని చేయవచ్చు. అంతకన్నా, చెప్పుల జత కోసం వరుసలో నిలబడి నవ్వమనడం ఎవరికీ బాగుండదు. లెక్క చూపించాలంటే దాతకు దుకాణం రసీదు చూపితే చాలు. అన్ని కుటుంబాలకు ఒకే రోజు, ఒకే రకం ఇవ్వండి. పక్కనున్న స్థానిక పేద కుటుంబాలను వదిలిపెడితే మీరు వెళ్లిపోయిన తరువాత తగాదా మిగులుతుంది. వారికీ కొన్ని జతలు ఉంచండి.

కొలతలు తీసుకునే పద్ధతి ఇది. పాత వార్తాపత్రిక నేలమీద పరచి, మనిషిని రెండు కాళ్ల మీద బరువు వేసి నిలబడమనండి. సాయంత్రం పూట కొలవాలి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. పెన్సిలు నిలువుగా పట్టి రెండు పాదాలూ గీయండి, ఒక కాలు కొంచెం పెద్దగా ఉండడం మామూలే, పెద్దదాని ప్రకారం కొనాలి. పెద్దవారికి వేలి కొసన ఒక సెంటీమీటరు, పెరిగే పిల్లలకు ఒకటిన్నర సెంటీమీటరు వదలండి. ఇంకా ఎక్కువ వదిలితే కాలు జారి పడతారు. పాదం మీద పుండు, వాపు, బోదకాలు, స్పర్శ లేని మచ్చ కనబడితే ఆ మనిషికి దుకాణం చెప్పులు సరిపోవు, ముందు వైద్యునికి చూపించాలి. కాగితం మీద పేరు అక్కరలేదు. వయసు, ఆడ మగ, చేసే పని, అంతే రాయండి. ఆ కాగితాన్ని కత్తిరించి దుకాణానికి తీసుకుపోయి చెప్పు లోపల పెట్టి చూసి కొనండి. ఆరు నెలల తరువాత పిల్లల పాదాలను మళ్లీ గీయవలసి ఉంటుంది. ఆ రోజే దీపాల బ్యాటరీలు కూడా చూసి రావచ్చు.